బయలుదేరే ముందు ప్రార్థన

అర్ధవీడు మండలం,
17 మే 2025.

ప్రియమైన కోడలు రమ్యకు మేనత్త జ్ఞానమ్మ రాస్తున్నది.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. బాగున్నామని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

నీకు పదకొండు సార్లు ఫోను చేశాను. మీ నాయనకు చేస్తే వాడూ కట్ చేస్తున్నాడు. ఏబేలును చంకన వేసుకుని పెంచిన దాన్ని నేను. వాడికి జ్వరం వస్తే కంభం ఆసుపత్రికి మోసుకుని పోయిన దాన్ని. ఆ తమ్ముడికే ఈ రోజు అక్క గొంతు చేదైంది. అందుకని కాగితం పట్టాను. కవరు కోసం పోతే పోస్టుమాన్ వెంకటేశ్వర్లు "ఏంది జ్ఞానమ్మత్తా, ఈ కాలంలో కూడా ఉత్తరాలు రాస్తావుండావా" అని నవ్వాడు. "ఫోను ఎత్తనోళ్ళు ఉత్తరమన్నా చదువుతారేమోనని నాయనా" అన్నాను. చించకు. చదివిన తర్వాత నీ ఇష్టం.

నువ్వు కోపంలో సగం విని సగం వినకుండా, నా కొడుకు విక్టరుతో ఒక మాటైనా చెప్పకుండా, పిల్లను ఎత్తుకుని దర్శి బస్సెక్కావు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

షారోనుకు నాలుగేళ్ళు నిండాయి, గుంటూరు అవతల కొత్తగా పెట్టిన నీళ్ళ పార్కుకు పోదామని ముందుగా అన్నది నువ్వే. నేను వద్దనలేదు. జాషువా తుఫాను బండిని బాడుగకు మాట్లాడి, నడిపే జాషువా కాక పెద్దా చిన్నా పద్నాలుగు మందిమి ఇరుక్కుని పోయాం. ఆ ఉత్తుత్తి సముద్రం దగ్గర గంట కొట్టగానే అలలు లేస్తుంటే షారోను "అవ్వా, సముద్రానికి స్విచ్చి ఉంది!" అని అరిచింది. చీరలతో నీళ్ళలోకి దిగకూడదన్నారని నా తోడికోడలు మగ్దలీనమ్మ వాళ్ళిచ్చిన నైలాను బట్టలు వేసుకుని, ఆ వేషంతో బయటికి రానని గదిలోనే కూర్చున్నది. చివరికి తువ్వాలు కప్పి పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాను. అంత నవ్విన రోజు నాకు ఈ మధ్య లేదు.

పదో తేదీ సాయంత్రం అయిదున్నరకు బండెక్కాం. ముందు జాషువా పక్కన విక్టరు. నడిమి సీట్లో నువ్వు, ఫోనులో ఫోటోలు చూసుకుంటూ. వెనక తలుపు దగ్గర ఇటు నేను, అటు మగ్దలీనమ్మ. షారోను నా ఒడిలో. విక్టరు వెనక తలుపు వేసి పోయి ముందు కూర్చున్నాడు. నేను తలలు లెక్కపెట్టాను. పద్నాలుగూ ఉన్నాయి. తర్వాత ప్రయాణం కోసం ప్రార్థన చేశాను. ఏ బండెక్కినా చేస్తాను, అది కొత్త కాదు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆమెన్ అన్న తర్వాత చూస్తే వెనక తలుపు కాస్త తెరుచుకుని ఉంది. విక్టరే దిగి వచ్చి మళ్ళీ గట్టిగా వేశాడు. మొదటిసారి లాకు సరిగా పడలేదేమో. ఆ ప్రార్థన మధ్యలోనే పిల్ల దిగిపోయింది. ఒడిలో లేకపోతే సీట్ల సందులోంచి నీ దగ్గరికి పోయిందనుకున్నాను. నువ్వేమో నా ఒడిలో నిద్రపోతున్నదనుకున్నావు. ప్రార్థన అయ్యేదాకా నా కళ్ళు మూసే ఉన్నాయి, దేవుని తోడు.

ఒక్క మాట. తల్లి బండిలో ఉన్నప్పుడు పిల్ల తల్లి ఒడిలో ఉండాలి. ఒడిలో ఫోను కూర్చుంటే పిల్లకు చోటెక్కడిది? ఇది నింద కాదు, మేనత్తగా రాస్తున్నాను. పిల్ల దొరికింది. దేవుడు కాపాడాడు. పంతం మాని ఇంటికి రా. విక్టరు గడప దాటి పనికి పోవడం లేదు.

మీ నాయనకు నా దీవెనలు, వాడికి అక్కర లేకపోయినా సరే.

నీ రాక కోసం చూస్తున్న
జ్ఞానమ్మ


దర్శి,
22 మే 2025.

జ్ఞానమ్మత్త గారికి,

మీ ఉత్తరం అందింది. చించలేదు. రెండుసార్లు చదివాను. నాయన మూడోసారి పైకి చదవమన్నాడు, నా వల్ల కాలేదు.

జరిగింది జరిగినట్టు రాశానన్నారు. బండి కదిలిన తర్వాత జరిగింది మీరు రాయలేదు. అది నేను రాస్తాను.

నరసరావుపేట ఇంకా రాకముందే టీ కొట్టు దగ్గర ఆపాం. నేను బిస్కెట్ల పాకెట్టు చించి వెనక్కి తిరిగి "అత్తా, పిల్లను లేపు" అన్నాను. మీరు "పిల్ల నీ దగ్గర లేదూ?" అన్నారు. మగ్దలీనమ్మ చిన్నత్త సీట్ల కింద చూసింది. నాలుగేళ్ళ పిల్ల సీటు కింద ఎట్లా ఉంటుంది? అయినా నేనూ వంగి చూశాను.

నలభై కిలోమీటర్లు వెనక్కి. విక్టర్ కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ రోడ్డు పక్కనంతా వెతుకుతూ వచ్చాడు, పిల్ల మా వెనకే నడిచి వస్తున్నట్టు. మీరు మళ్ళీ ప్రార్థన ఎత్తుకున్నారు. "నోరు మూయి అత్తా" అన్నాను. అన్నందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు.

పార్కు బయట బండ్లు ఆపే చోట మజ్జిగ అమ్ముకునే ముసలామె దగ్గర ఉంది షారోను. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. చేతిని తన కొంగుకు ముడేసి కూర్చోబెట్టుకుంది ఆ తల్లి. "బండి ఎనకాల రోడ్డు మీదికి ఉరుకుతా ఉందమ్మా, అందుకే కట్టేశా, తప్పనుకోబాక" అన్నది. లారీలు ఎట్లా పోతున్నాయో మీరూ చూశారు. ఆమె కొంగు ముడి వేయకపోతే ఈ రోజు నేను మీకు ఉత్తరం రాసే స్థితిలో ఉండేదాన్ని కాదు. ఆమె పేరైనా అడగలేదు మనం. దేవుడు కాపాడాడని మీరు రాశారు. ముసలామె అని ఒక్క మాట రాయలేదు.

పిల్ల సంగతి. మొదటి రెండు మూడు రోజులు వాగుతూనే ఉంది. ఆ తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు ఆకలని కూడా అనదు, వచ్చి కంచం ముందు నిలబడుతుంది. నాయన అన్నానికి ముందు ప్రార్థన చేస్తే కళ్ళు మూయదు. మమ్మల్నీ మూయనివ్వదు. ఒకరి తర్వాత ఒకరి దగ్గరికి వచ్చి వేళ్ళతో రెప్పలు పైకి లాగుతుంది. యాభై దాటిన మనిషి మా నాయన, కళ్ళు తెరుచుకుని ప్రార్థన చేయడం నేర్చుకుంటున్నాడు.

చిన్నప్పుడు సెలవులకు వచ్చి మీ సండే స్కూల్లో కూర్చునేదాన్ని. ప్రార్థనలో ఎవరైనా కళ్ళు తెరిస్తే బెత్తంతో తొడ మీద వేసేవారు. "మేము తెరిచినామని నీకెట్ల తెలుసు అత్తా?" అని అడిగినందుకు నాకు రెండు ఎక్కువ పడ్డాయి. ఊరంతా మీ చేతి కింద అట్లా పెరిగిందే. అందుకే అంతమందిలో ఒక్కరూ కళ్ళు తెరవలేదు. ఒక్క భక్తిహీనుడు ఆ బండిలో ఉండి ఉంటే నా బిడ్డ దిగిపోవడం చూసేవాడు.

తలుపు లాకు సంగతి మీరు రాసేదాకా నాకు తట్టలేదు. ఎల్లుండి విక్టర్ వస్తానన్నాడు. అడుగుతాను.

జూన్ పన్నెండున బడులు తెరుస్తారు. షారోనును ఇక్కడే ఎల్‌కేజీలో వేస్తున్నాం. ఆ ఇంటికి మళ్ళీ పంపేది లేదు. నా ఒడిలో ఫోను ఉన్న మాట నిజమే. పిల్ల ఎవరి ఒడిలో ఉందో కూడా మీరే రాశారు.

రమ్య


అర్ధవీడు మండలం,
29 మే 2025.

రమ్యా,

"జ్ఞానమ్మత్త గారికి" అట. "మీరు" అట. నువ్వు పుట్టినప్పుడు కరెంటు పోతే మంత్రసాని పక్కన దీపం పట్టుకుని నిలబడిన దాన్ని. "నోరు మూయి అత్తా" అన్నప్పుడు నాకు ఇంత నొప్పి లేదు. అందులో అత్త ఉంది. ఈ "మీరు"లో ఎవరూ లేరు.

ఆ ముసలామె సంగతి నువ్వన్నది నిజమే. నాకు సిగ్గేసింది.

విక్టరు దర్శి నుంచి వచ్చి నాలుగు రోజులు దాటింది. గడపలో నిలబెట్టి "తలుపేసేది కూడా చేతగాని తండ్రివి, నేను పిలిచిందాకా రావాకు" అన్నావంట. వాడు నీ మీద ఒక్క మాట చెప్పలేదు, మీ వీధిలో ఉన్న మన సంఘం వాళ్ళు చెప్పారు. వాడు ఏం చేస్తున్నాడో తెలుసా? పొద్దున లేవగానే జాషువా ఇంటికి పోతాడు. ఆ తుఫాను వెనక తలుపు తీస్తాడు, వేస్తాడు. మళ్ళీ తీస్తాడు, మళ్ళీ వేస్తాడు. మొన్న జాషువా భార్య మన ఇంటికి వచ్చి "అత్తా, నీ కొడుకుని పిలుచుకోని పో, మా పిలకాయలు బెదురుకుంటావుండారు" అన్నది. పోయి చెయ్యి పట్టుకున్నాను. "చూడమ్మా, లాకు పడతానే ఉంది. ఆ పొద్దు ఎందుకు పడలా? రెండోసారి ఏసేటప్పుడన్నా నేను లోపలికి ఎందుకు చూడలా?" అని నన్నే అడిగాడు. ఇంటికి రా నాయనా అన్నాను.

అన్నం సహించడం లేదు వాడికి. హైదరాబాదులో సెంట్రింగు పనికి మేస్త్రీతో ఒప్పుకున్నాడు. తొమ్మిదో తేదీ సోమవారం ప్రయాణం. ఇక్కడ పని లేక కాదు, ఈ ఇంట్లో తిరగలేక పోతున్నాడు. ఎన్నాళ్ళకు వస్తావురా అంటే చెప్పడు.

నేను "లాకు పడలేదేమో" అని రాశాను. నువ్వు ఆ "ఏమో"ను వదిలేసి మిగిలిందంతా పట్టుకుపోయి వాడి నెత్తిన వేశావు. తలుపు సంగతి రాయకుండా ఉండాల్సింది. ఇప్పుడనుకుని ఏం లాభం?

ప్రార్థనను మాత్రం తప్పు పట్టకు. బెత్తం దెబ్బలు తిన్న పిల్లలే ఈ రోజు పాస్టర్లు, టీచర్లు అయ్యారు. నేను కళ్ళు తెరవలేదు. మళ్ళీ రాస్తున్నాను, దేవుని తోడు.

అది అట్లా ఉంచు. పాప ఆ రెండు మూడు రోజులు ఏం వాగింది? ఆ సాయంత్రం గురించి ఏమైనా అన్నదా? ఎవరి పేరైనా ఎత్తిందా? తప్పకుండా రాయి. పసిపిల్లలు భయంలో ఏదేదో అంటారు, అన్నీ నిజమని పట్టుకోవద్దు.

ఇక్కడ రెండు జల్లులు పడ్డాయి, చాలలేదు. తెల్ల మేక ఈనింది, రెండు పిల్లలు. ఒకటి షారోను పేరు మీద వదిలాను. మగ్దలీనమ్మ మోకాలు వాచి ఆదివారం గుడికి కూడా రావడం లేదు.

నీ మీద కోపమున్నా నిన్ను తలవని పూట లేని
అత్త


దర్శి,
3 జూన్ 2025.

అత్తా,

నువ్వు అనే రాస్తున్నాను. కోపం పోయి కాదు. మీరు అని రాస్తుంటే ఎవరో కాంట్రాక్టరుకు రాస్తున్నట్టుంది.

విక్టర్ తలుపు తీసి వేస్తున్నాడని చదివి లేచి బయటికి పోయాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన గడపలో నిలబడి "అవును, నేనే ఏసినా, నేనే చూడలా" అని తల వంచుకున్నాడు. ఎదురు తిరిగి ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

అసలు సంగతి ఇది. మొన్న రాత్రి జాషువా మా నాయనకు ఫోను చేశాడు. "మామా, ఆ పిల్లోడు నా బండి తలుపు కాడ పడే బాధ సూళ్ళేక చేస్తావుండా. ప్రార్థనకు ముందర నేను చుట్టూ తిరిగి తలుపులన్నీ లాగి చూసుకున్నా. ఎనక తలుపు గట్టిగానే పడింది. అది లోపల్నుంచి హ్యాండిల్ పైకి ఎత్తితే తప్ప రాదు. నాలుగేళ్ళ పిల్లకు దాన్ని ఎత్తే బలం ఉండదు" అన్నాడు. ఆ రోజే ఎందుకు చెప్పలేదంటే, తన బండిలో పోయినవాళ్ళ మధ్య తగవు పెట్టడం ఎందుకని ఊరుకున్నాడట.

అంటే తలుపు ఎవరో తీశారు. లోపలున్న పెద్దవాళ్ళలో ఒకరు తీశారు. తలుపు పక్కన ఉన్నది మీరిద్దరే. ప్రార్థన చేస్తున్నది నువ్వు. మిగిలింది మగ్దలీనమ్మ చిన్నత్త.

ఆమె సంగతి నీకు తెలియదా? గుడిలో ప్రార్థన జరుగుతుంటే ఎవరు కొత్త చీర కట్టారో చూసే మనిషి. పిల్ల ఏదో అడిగి ఉంటుంది, ఆమె తీసి ఉంటుంది, మర్చిపోయి ఉంటుంది. నాయన ఆమెకు ఫోను చేసి అడిగాడు. అడగడమే ఆలస్యం, "నన్ను అడుగుతారేంది, నాకేం తెలుసు, నన్ను లాగబాకండి" అని ఏడ్చి పెట్టేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?

అత్తా, ఈ ఒక్క పని చెయ్యి. ఆమెను కూర్చోబెట్టి గట్టిగా అడుగు. నీ కళ్ళలోకి చూసి ఎవరూ అబద్ధం చెప్పలేరు, నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఆమె ఒప్పుకుంటే విక్టర్‌ను నేనే పిలుస్తాను. సోమవారం లోపల తేల్చు. ఆయన హైదరాబాదు బస్సెక్కితే ఇక నా పిలుపుకు రాడని భయంగా ఉంది.

పాప ఏమన్నదని అడిగావు. ఏమీ అనలేదు. అన్నా పసిదాని మాటలు పట్టుకోనులే, నువ్వే వద్దన్నావుగా. ఒంగోలులో డాక్టరుకు చూపించాం. ఆ రోజు భయపడింది కదా, మెల్లగా మాటలు వస్తాయన్నాడు. నేను కూడా ఆయనకు అదే చెప్పాను, భయపడిందని.

తెల్ల మేక పిల్ల ఏ రంగో రాయలేదు. పాపకు చెబుదామంటే.

రమ్య


అర్ధవీడు మండలం,
8 జూన్ 2025, ఆదివారం.

రమ్యా,

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో నాకు తెలియదు, చెబుతున్నాను. తలుపు తీసింది నేను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. చదివి దిండు కింద పెట్టుకున్నాను. ఎవరినీ ఏమీ అడగలేదు. నిన్న సాయంత్రం మగ్దలీనమ్మే కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. పందిరి గుంజ పట్టుకుని నిలబడి అన్నది. "అక్కా, ముప్పయ్యేండ్లు నీ పక్కన కూచున్నా. ప్రార్థనలో నేను కండ్లు తెరుస్తా, నిజమే. ఆ పొద్దు కూడా తెరిచినా. నువ్వు తలుపు తీసింది చూసినా, పాప దిగింది చూసినా. నువ్వే చూసుకుంటావులే అని మళ్ళా మూసుకున్నా. ఇన్ని దినాలు నీ పేరు చెప్పలా. ఇంకా చెప్పను. కానీ నువ్వు నా మీదికి తోస్తే మాత్రం నేను తట్టుకోలేనక్కా." అని పోయింది. నిజం చెప్పినామెను ఎవరూ నమ్మరు. దేవుని తోడని అబద్ధమాడిన నన్ను లోకమంతా నమ్మింది, నువ్వు కూడా నమ్మావు.

ఆ సాయంత్రం ప్రార్థనలో అందరి పేర్లూ ఒక్కొక్కటే చెబుతున్నాను. చివర్లో షారోను పేరుకొచ్చాను. అది నా గడ్డం పట్టుకుని "అవ్వా, చెప్పు" అని గుసగుసగా అన్నది. ఒక కన్ను తెరిచి చూశాను. ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కేటప్పుడు మెట్టు కింద జారిపడి ఉంటుంది, దిగి ఎక్కుతుందిలే అనుకున్నాను. "ఈ పసిబిడ్డను నీ రెక్కల చాటున దాచు తండ్రీ" అంటూనే, గొంతు ఎక్కడా తెగకుండా, ఎడమ చేత్తో హ్యాండిల్ ఎత్తాను. దిగేదాకా చూశాను. మళ్ళీ కన్ను మూసుకున్నాను. చెప్పు మెట్టు కింద లేదని తర్వాతే తెలిసింది. మనం కాళ్ళు కడుక్కున్న కుళాయి దగ్గర ఉంది. అంత దూరం పోతుందని నేను అనుకోలేదు.

ప్రార్థన ఆపి "ఉండు తల్లీ" అంటే సరిపోయేది. రెండే మాటలు. ఆపలేదు. సంఘంలో జ్ఞానమ్మ ప్రార్థన అంటే ఒక పేరుంది. అందరూ వింటున్నారు, మధ్యలో తెగితే బాగుండదనుకున్నాను. ఇంతకన్నా పెద్ద కారణం వెతుక్కున్నాను. దొరకలేదు.

ఆమెన్ అనగానే తలుపు దబ్బున పడింది. ఎవరో పిల్లను ఎక్కించి వేశారనుకున్నాను. టీ కొట్టు దగ్గర నువ్వు పిల్లను లేపమనగానే నాకు మొత్తం తెలిసిపోయింది. తెలిసే "నీ దగ్గర లేదూ?" అన్నాను. పిల్ల దొరికాక జాషువా "ఎవురన్నా చూసినారా?" అని అడిగితే అందరికన్నా ముందు దేవుని తోడు అన్నది నేనే. ఒకసారి అన్నాక ఇక దిగడానికి దారి కనిపించలేదు. నీ ఫోను మీద వేశాను. కడుపున పుట్టినవాడి మీద వేశాను. వాడు బండి తలుపు తీసి వేస్తుంటే పక్కన నిలబడి చూశాను.

ఈ పొద్దున గుడికి పోకముందు విక్టరుకు చెప్పాను. సంచీలో బట్టలు సర్దుకుంటున్నాడు. విని చేతిలో చొక్కా మళ్ళీ మడత పెట్టాడు. తర్వాత "ఇరవై తొమ్మిది దినాలు అమ్మా" అన్నాడు. అంతే. రేపు పోతాడు. "నీ చేతి కూడు నాకు ఇప్పుడే దిగదు, కొన్నాళ్ళు పోనీ" అన్నాడు. నేను ఆపలేదు. మగ్దలీనమ్మ ఇంటికి పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని వచ్చాను. సండే స్కూలు ఇక చెప్పనని పాస్టరు అయ్యగారికి చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. బెత్తం పొయ్యిలో పెట్టాను.

క్షమించమని అడగడం లేదు. విక్టరును పిలువు. వాడి తప్పు లేదు. నీ తప్పూ లేదు.

మేక పిల్ల నల్లది, నుదుట తెల్ల మచ్చ.

జ్ఞానమ్మ


దర్శి,
13 జూన్ 2025.

అత్తా,

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. నాయన అడిగితే చేతికిచ్చాను. చదివి "మా అక్కేనా ఇది?" అన్నాడు.

విక్టర్‌కు ఫోను చేశాను. మేస్త్రీ ఎత్తి ఇచ్చాడు. నేను ఏడ్చాను, ఆయన విన్నాడు. ఆదివారం దర్శికి వస్తానన్నాడు.

నిన్ను నోటికొచ్చినట్టు తిడుతూ నాలుగు పేజీలు రాశాను. చించేశాను. ఎందుకు చించానో రాస్తాను. ఇది మా నాయనకు తెలియదు, విక్టర్‌కు తెలియదు, ఆ డాక్టరుకూ తెలియదు.

తలుపు ఎవరు తీశారో నాకు మే పదమూడునే తెలుసు.

ఇక్కడికి వచ్చాక స్నానం చేయిస్తుంటే షారోను చెప్పింది. "అమ్మా, అవ్వ తలుపు తీసింది. అవ్వ కండ్లు తెరిచి తలుపు తీసింది." ఇంత స్పష్టంగా చెప్పింది. నేను చెంప మీద కొట్టాను. "అవ్వ మీద అబద్ధాలు చెప్తావా? ప్రార్థనలో అవ్వ కండ్లు తెరవదు" అన్నాను. ఏడుస్తూ మళ్ళీ అదే చెప్పింది. ఇంకా గట్టిగా కొట్టాను. మూడోసారి చెప్పలేదు. ఆ తర్వాత అది ఎవరితోనూ ఏమీ చెప్పలేదు.

నిన్ను తప్పు పడుతూ ఇన్ని ఉత్తరాలు రాశాను. నీ ప్రార్థనను వెక్కిరించాను. కానీ నీ మాటకూ నా బిడ్డ మాటకూ పోటీ వస్తే నీ మాటే నమ్మాను. నువ్వు బెత్తంతో కొట్టి పెట్టిన నమ్మకం అది. పిల్లను కొట్టిన చెయ్యి మాత్రం నాదే. ఆ పార్కులో తప్పిపోయి పిల్ల భయపడిందని అందరూ జాలిపడుతున్నారు. అక్కడ రెండు గంటలు ఒంటరిగా ఉండి కూడా అది మాట్లాడుతూనే వచ్చింది. మాట పోయింది నా దగ్గర.

నిన్న బడులు తెరిచారు. పంపలేదు. అక్కడికి తిరిగి వచ్చే సంగతి ఇప్పుడేమీ రాయలేను. నిన్ను క్షమించే మాట కూడా రాయలేను. పిల్ల ముందు మనిద్దరం ఒకే బెంచీ మీద ఉన్నాం.

నీ ఉత్తరం చదివాక దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని "నువ్వు చెప్పిందే నిజం తల్లీ, అమ్మదే తప్పు" అన్నాను. నా మొహం వైపు చూసింది. నమ్మలేదు. నేను చెబితే చాలదు. నువ్వు చెప్పాలి. నాకు కాదు, దానికి. దాని పేరు మీద రాయి. నేను చదివి వినిపిస్తాను, ఒక్క అక్షరం కూడా మార్చను.

రమ్య


అర్ధవీడు మండలం,
17 జూన్ 2025.

షారోనమ్మా,

నేను అవ్వను. కవరు మీద నీ పేరే రాశాను. అమ్మ చదువుతుంది, విను. వినాలని లేకపోతే ఆడుకో, అమ్మ మళ్ళీ చదువుతుంది.

ఆ రోజు బండిలో నువ్వు "అవ్వా, చెప్పు" అన్నావు. అవ్వ కళ్ళు తెరిచింది. తలుపు తీసింది అవ్వే. నువ్వు చెప్పు తెచ్చుకోవడానికి దిగావు. అవ్వ నిన్ను మళ్ళీ ఎక్కించుకోకుండా బండిని పోనిచ్చింది. నువ్వు ఏ తప్పూ చేయలేదు. మీ నాయన కూడా చేయలేదు.

నువ్వు అమ్మతో చెప్పిందంతా నిజం. మొదటిసారి చెప్పింది నిజం, రెండోసారి చెప్పింది కూడా నిజం. అబద్ధం చెప్పింది అవ్వ. అవ్వ పెద్దది కాబట్టి అమ్మ అవ్వను నమ్మింది. నీకు పడిన దెబ్బలు అవ్వకు పడాల్సినవి.

వచ్చే గురువారం పొద్దున బస్సుకు దర్శి వస్తాను. నువ్వు రమ్మంటేనే లోపలికి వస్తాను. లేకపోతే తాత ఇంటి మెట్టు మీద కూర్చుంటాను, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేస్తాను. మళ్ళీ గురువారం మళ్ళీ వస్తాను. నువ్వు నాతో మాట్లాడాలని ఏమీ లేదు. నీకు కోపం వస్తే అరిచెయ్యి, నేను ఎక్కడికీ పోను.

ఎప్పుడైనా నీకు అడగాలనిపిస్తే మాత్రం అడుగు. "అవ్వా, ఎందుకు అబద్ధం చెప్పినావు?" అని అడుగు. నీకు నాలుగేళ్ళు, నాకు అరవై మూడు. ఈ వయసు వచ్చేదాకా నన్ను ఆ మాట అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, నేను అడగనిచ్చిందీ లేదు. నువ్వు అడిగితే చెబుతాను.

అవ్వ